ఎల్ఫ్ పక్కన "చిల్ బ్రో"

ప్రశ్న: మేం ఐదుగురం వారానికోసారి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రలా మాట్లాడుతూ ఓ మాయాలోకపు కథ నడిపిస్తాం. నాది మూడొందల ఏళ్ల ఎల్ఫ్ (ఆ లోకంలో చాలా ఏళ్లు బతికే జాతి) మాంత్రికురాలి పాత్ర. మాలో డ్వార్ఫ్ (పొట్టివాళ్ల జాతి) యోధుడిగా ఆడే అతను డ్రాగన్ ఎదురుగా నిలబడి "చిల్ బ్రో" అంటాడు. నా మూడ్ అంతా పోతుంది. అతనికి చెప్పొచ్చా?

జవాబు: తప్పకుండా చెప్పండి, కానీ ఆట మధ్యలో ఆపి మాత్రం వద్దు.

"ఓకే" అనే మాట అచ్చులో కనిపించిందే 1839లో. అయినా మీ మాంత్రికురాలు "ఓకే" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. పదం వయసుతో పేచీ లేదు, అది ఏ చోటును గుర్తుచేస్తుందన్నదే ముఖ్యం. "బ్రో" అనగానే చేతిలో ఫోన్ కనిపిస్తుంది, గుహ మాయమైపోతుంది.

అలాగని గ్రాంథికంలోకి వెళ్లకండి. ఆట నడిపిస్తూ నేనొక రాజుతో "సెలవిచ్చుచున్నాము" అనిపించాను. పావుగంటలో మాటల కోసం తడుముకోవాల్సి వచ్చింది, సన్నివేశం చల్లారిపోయింది. అప్పటినుంచి పాత్రకో ఊతపదం, ఓ ఒట్టు ఇస్తున్నాను. "నా గొడ్డలి మీద ఒట్టు" చాలు, మిగతాదంతా మామూలు తెలుగే.

యాస విషయంలో మాత్రం నాకు పట్టుదల ఎక్కువ. దొంగకీ, మొద్దు కాపలావాడికీ మాత్రమే ఒక ప్రాంతం యాస పెడితే, ఆ యాస ఇంట్లో మాట్లాడేవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. వాళ్లు మీ బల్ల దగ్గరే కూర్చుని ఉండొచ్చు. అదే యాసను రాణికి కూడా ఇవ్వండి.

ఈసారి ఆట మొదలయ్యే ముందు, "మీ డ్వార్ఫ్‌కి కోపమొస్తే ఏమని తిడతాడు?" అని అతన్నే అడగండి.