ఏడుగురికి ఏ ఎస్‌యూవీ నమ్మకంగా ఉంటుంది?

ప్రశ్న: ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి ఏడుగురం అండి. సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం, డీజిలా పెట్రోలా తేల్చుకోలేకపోతున్నాం. రోజూ తిరిగేది మాత్రం నాలుగైదు కిలోమీటర్లే.

జవాబు: అంత తక్కువ తిరుగుడికి కొత్త తరం డీజిల్ వద్దండి, పెట్రోలే తీసుకోండి. డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసిని పట్టుకునే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, అది బాగా వేడెక్కితేనే లోపలి మసి కాలిపోతుంది, చిన్న చిన్న ట్రిప్పుల్లో ఆ వేడి రాదు కాబట్టి మెల్లగా పూడుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది, ఆ రిపేరు మామూలు ఖర్చు కాదు.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి ఉంచారంటే నాకైతే అనుమానమే. ఆయిల్ మూత తీసి చూడండి, అడుగున మీగడలాంటి తెల్లటి జిగురుంటే నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్‌తో చూపించాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారీ అని. సర్వీస్ రికార్డు లేని బండి ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

అన్నిటికన్నా ముందు అమ్మగారిని ఎక్కించి చూడండి, మెట్టు ఎత్తుగా ఉంటే మోకాళ్లకి రోజూ నరకమే. మూడో వరుసలో మీరే పది నిమిషాలు కూర్చోండి, అక్కడ కూడా మూడు పాయింట్ల బెల్టు (భుజం మీదుగా, నడుం మీదుగా వచ్చేది), తలకి ఆనుకునే దిండు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలామంది ఇదే మర్చిపోతారు.