నవలల్లో చదివిన సీమ కోటలు మూడు రోజుల్లో చూడాలంటే

రాయల కాలం నవలలు చదివాక ఆ కోటలు చూడాలనిపించింది, కర్నూలు నుంచి కారులో మూడు రోజులు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. గండికోటతో మొదలుపెట్టండి. తర్వాత తాడిపత్రి, చివర గుత్తి. అక్కణ్ణుంచి హైవే పట్టుకుని డోన్ మీదుగా కర్నూలు వచ్చేయొచ్చు.

నవలల్లో కథంతా కొలువులోనూ అంతఃపురంలోనూ నడుస్తుంది. సీమ కోటల్లో పోయినవి ముందు అవే. గోడలు, దర్వాజాలు, గాదెలు, కోనేర్లు మాత్రం నిలిచాయి. రాణివాసం ఎక్కడుందని వెతికితే అరగంటలో విసుగొస్తుంది. ఇంత దండుకి గింజలు, నీళ్లు ఎట్లా అమిరేవో చూడబోతే పూట చాలదు.

బయల్దేరే ముందు నవలలోని మనుషుల్ని, ఊళ్లని, ఏళ్లని ఒక కాగితం మీద రాసుకోండి. లేకుంటే కాలాలు కలగాపులగమవుతాయి. కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. పెనుకొండ రాజధాని అయింది 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాకే. గుత్తిలో ఎవర్నడిగినా చెప్పే మురారిరావు 18వ శతాబ్దపు మరాఠా సర్దారు. తిమ్మరుసు కళ్లు పీకించారన్న ఘట్టానికి ముఖ్యమైన ఆధారం నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడి రాత. గైడు చెప్పేది ఏ కాలం మాటో ఈ కాగితం ఉంటే పట్టుకోవచ్చు.

మొదటి రోజు నంద్యాల మీదుగా జమ్మలమడుగు చేరండి. గండికోట అక్కడికి పదిహేను కిలోమీటర్లు. కోట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాలైతే గది ముందే బుక్ చేసుకోవాలి, దొరక్కపోతే ప్రొద్దుటూరులో దిగడం మేలు. ఎండ తగ్గాక, మూడున్నరకి లోపలికి వెళ్లండి. పెద్ద దర్వాజా చెక్క తలుపుల దగ్గర కాస్త ఆగండి. వాటికి ఇనుప రేకులు తాపి, మేకులు మొన బయటికి ఉండేట్టు దిగ్గొట్టారు. ఏనుగు నుదుటితో గుద్దకుండా ఈ ఏర్పాటు. లోపల జుమ్మా మసీదు, దాని పక్కనే కమాను కప్పుతో పెద్ద గాదె, ఆ దగ్గర్లోనే రంగనాథుడి గుడి. మూడూ ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి తీరిగ్గా చూడండి. విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకుల కోట ఇది. వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో వచ్చేసరికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది.

కోటను ఆనుకున్న పెన్న లోయ అంచున చాలాచోట్ల గోడా కంచే ఉండవు, బండలు కొన్ని కదులుతాయి. పిల్లలుంటే చీకటి పడకముందే వెనక్కి వచ్చేయండి. పెన్నలో నీళ్లు మైలవరం డ్యాం మట్టాన్ని బట్టి ఉంటాయి. ఫోటోల్లో చూసినట్టు నిండుగా కావాలంటే వానాకాలం వెళ్లాక రండి. ఏప్రిల్, మే వద్దే వద్దు. కోటలోనే ఉన్న మాధవరాయ గుడి గోపురం మర్నాడు పొద్దున చూసుకోండి.

రెండో రోజు తాడిపత్రి. ఇక్కడి రెండు పెద్ద గుళ్లూ అదే పెమ్మసాని వాళ్ల పుణ్యమే. చింతల వెంకటరమణ గుడిలో రాతిరథం ఉంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గోపురాలు పైదాకా లేవలేదు గానీ, కింద చెక్కడం ముందు నిలబడితే ఆ లోటు గుర్తుకురాదు. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు, ఆ వేళ కనుక్కొని వెళ్లండి. శాసనం ఫోటో తీయాలంటే సెల్ టార్చిని రాతికి పక్కనుంచి, బాగా వాలుగా పట్టండి. నీడలు పడి అక్షరాలు లేస్తాయి. సుద్దో పిండో పూయొద్దు, రాయి పాడైపోతుంది.

మూడో రోజు గుత్తి. ముందురోజు రాత్రే ఊరు చేరుకుని, తెల్లారి ఆరుకల్లా ఎక్కడం మొదలుపెట్టండి. కొండ నేలమట్టం నుంచి సుమారు మూడొందల మీటర్లు. ఎక్కి దిగేందుకు నాలుగు గంటలు వేసుకోండి. పైన అంగళ్లుండవు కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. బండ అరిగి నున్నగా ఉంటుంది, చెప్పులతో జారుతారు, బూట్లే వేసుకోండి. దారిలో వాననీళ్లు పట్టే తొట్లు, గుంటలు కనబడితే దాటిపోకండి. హైదర్ అలీ ముట్టడిలో మురారిరావు లొంగింది గోడలు కూలినందుకు కాదు. 1776లో పైన తాగేందుకు నీళ్లైపోయి లొంగాడు. ఆయన కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం కొండ కొసన ఉంది. కలరాతో 1827లో పత్తికొండలో పోయిన మద్రాసు గవర్నరు మన్రో దొరని మొదట పూడ్చింది గుత్తిలోనే.

లేపాక్షినీ పెనుకొండనీ ఈ మూడు రోజుల్లో ఇరికించొద్దు. ఆ రెంటికీ హిందూపురంలో మకాం పెట్టుకుని విడిగా రెండు రోజులు పెట్టుకోండి.