గాలి కలవచ్చు, నీళ్లు కలవకూడదు: చేపల ట్యాంకులపై మీ ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో ఒకటికి మించి ట్యాంకులు పెట్టుకున్నవాళ్ల ఉత్తరాలే ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఫిల్టర్లు, జబ్బులు అనే రెండు విషయాల చుట్టూ తిరిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా ఇంట్లో ఆరు ట్యాంకులున్నాయి. ఒక్కోటి 60 నుంచి 100 లీటర్లు. రెండింటిలో గప్పీలు, ఒకదానిలో ఏంజెల్స్, ఒకదానిలో గోల్డ్ ఫిష్, మిగతావాటిలో మోలీలు, టెట్రాలు. ఆరు ఫిల్టర్లు కడగలేక, కింద ఒక పెద్ద సంప్ (ట్యాంకుల నీళ్లు దిగి, వడకట్టుకుని మళ్లీ పైకెళ్లే తొట్టి) పెట్టి అన్నింటినీ పైపులతో కలిపేద్దామనుకుంటున్నాను. యూవీ లైటు పెడితే జబ్బుల భయం ఉండదని షాపులో చెప్పారు. పెట్టమంటారా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండి. ఒక పెద్ద ట్యాంకుకి సంప్ చాలా మంచి ఫిల్టరే. కానీ ఆరింటి నీళ్లూ ఒకే సంప్‌లో కలిస్తే అవి చూడ్డానికి ఆరు, జబ్బు లెక్కలో ఒకటే. గప్పీల దగ్గర పొద్దున పుట్టిన పరాన్నజీవి సాయంత్రానికి ఏంజెల్స్‌ని చేరుతుంది. మందు వేయాల్సి వస్తే జబ్బుపడిన 60 లీటర్లతో సరిపోదు, మొత్తం 500 లీటర్లకీ వేయాలి. మిథిలీన్ బ్లూ లాంటి మందు వేశారంటే, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని విరిచే మేలుచేసే బ్యాక్టీరియా సంప్‌లో దెబ్బతిని, ఆరు ట్యాంకుల్లోనూ ఒకేసారి అమ్మోనియా పెరుగుతుంది. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లు హాయి, ఏంజెల్స్‌కి 27, 28 డిగ్రీలుండాలి. కలిపేస్తే ఎవరో ఒకరికి ఇబ్బందే.

యూవీ సంగతి: దాని గొట్టంలోంచి వెళ్లే నీళ్లలో ఉన్నవాటినే అది చంపుతుంది. చేప ఒంటిమీద, మొప్పల్లో, అడుగున గులకరాళ్లలో ఉన్నవాటి జోలికి వెళ్లలేదు. పంపు జోరు ఎక్కువైతే నీళ్లు లైటు ముందు నిలిచే సమయం తగ్గుతుంది. నాచుతో పచ్చబడ్డ నీళ్లని తేటపరచడానికి సరిపోయిన జోరులో తెల్లమచ్చల పరాన్నజీవి బతికి బయటపడుతుంది. బల్బు చూడ్డానికి వెలుగుతూనే ఉన్నా, ఏడాది ఏకధాటిగా వాడేసరికి దాని యూవీ శక్తి బాగా పడిపోతుంది. ఉన్న జాగ్రత్తలకు తోడుగా పెట్టుకోండి, దాన్నే నమ్ముకోకండి.

మీ పని తగ్గాలంటే నీళ్లు కలపక్కర్లేదు, గాలి కలిపితే చాలు. ఒక మంచి ఎయిర్ పంపు కొని, అర అంగుళం పీవీసీ పైపుని స్టాండు పైభాగంలో చుట్టూ తిప్పి రెండు చివరలూ కలిపేయండి. అప్పుడు అన్ని ట్యాంకులకీ గాలి ఇంచుమించు ఒకే ఒత్తిడితో అందుతుంది. ట్యాంకుకొక చిన్న వాల్వు, అక్కణ్నుంచి గాలిపైపు, చివర స్పాంజ్ ఫిల్టర్. ట్యాంకుల లోతు వేరువేరుగా ఉంటే గాలంతా తక్కువ లోతున్న దాంట్లోకే పోతుంది. కాబట్టి ముందు లోతు ట్యాంకులో బుడగలు సరిగ్గా వచ్చేదాకా మిగతా వాల్వులు బిగిస్తూ రండి. ప్రతి పైపుకీ నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి, లేదంటే పంపుని నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి జారి పంపులోకి దిగేది ఈ జాగ్రత్త లేనిచోటే.

స్పాంజ్‌ని కుళాయి కింద కడగకండి. క్లోరిన్ తగిలితే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నీళ్లు మార్చేటప్పుడు అదే ట్యాంకులోంచి తీసిన నీళ్లని బకెట్‌లో పట్టి, అందులో రెండు మూడుసార్లు పిండితే చాలు. జంట స్పాంజ్‌లు పెట్టుకుంటే ఈ వారం ఒకటి, వచ్చే వారం రెండోది. తెల్లగా మెరిసేలా రుద్దకండి, ఆ గోధుమరంగు జిగురులోనే బ్యాక్టీరియా ఉంటుంది.

ఫిల్టర్ ఎంత పెద్దదుండాలో నిర్ణయించేది చేపల సంఖ్య కన్నా మీరు వేసే మేత. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే సుమారు 32 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుంది. వంద లీటర్లలో అది లీటరుకి 0.32 మిల్లీగ్రాములు, అదీ ఒక్క రోజుకి. ఫిల్టర్ పండిన, అంటే అందులో బ్యాక్టీరియా బాగా పెరిగిన, ట్యాంకులో ఇది మీకు తెలియకుండానే నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారిపోతుంది. కొత్త ఫిల్టర్ ఆ స్థితికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీవి బోరు నీళ్లయితే ఇంకా జాగ్రత్త: పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన మోలీలతో తెల్లమచ్చలు వచ్చాయి. మందు వేస్తే మూడో రోజుకే మచ్చలు పోయాయి, ఆపేశాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయి. ఇప్పుడు పక్క ట్యాంకులో గప్పీలకీ కనిపిస్తున్నాయి. ఆ రెండు ట్యాంకుల నీళ్లు ఎప్పుడూ కలవలేదు.
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: మూడో రోజు మచ్చలు పోయాయంటే జబ్బు తగ్గిందని అర్థం కాదమ్మా, అది చేపని వదిలి అడుగుకి దిగింది. మీరు చూసే ఒక్కో తెల్ల చుక్కా చర్మం పొర కింద కూర్చుని తింటున్న ఒక్కో పరాన్నజీవి. అక్కడున్నంతసేపు మందు దానికి తగలదు. కడుపు నిండాక ఊడి కిందికి జారుతుంది, గులకరాళ్లనో, అద్దాన్నో, మొక్క ఆకునో అంటిపెట్టుకుని చుట్టూ జిగురుగోడ కట్టుకుంటుంది. అప్పుడూ మందు తగలదు. ఆ గోడ లోపల ఒకటి రెండై, రెండు నాలుగై, వందలకొద్దీ పిల్లలవుతుంది. గోడ పగిలి ఆ పిల్లలు చేపని వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజులే మందుకు చిక్కే సమయం. మీరు సరిగ్గా అప్పుడే మందు ఆపేశారు.

నీళ్లు 25 డిగ్రీలుంటే ఈ చక్రమంతా దాదాపు వారంలోపే తిరుగుతుంది. వేడి పెరిగితే ఇంకా వేగంగా తిరిగి, పిల్లలు త్వరగా బయటపడి మందుకి దొరుకుతాయి. హీటరు పెట్టమనేది అందుకే. ఎండాకాలం విజయవాడలో ట్యాంకు నీళ్లు మామూలుగానే 30 దాటుతాయి కనుక మీకు హీటరు అక్కర్లేదు, గాలి మాత్రం పెంచండి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. మొప్పల్లోనూ మచ్చలున్న చేపకి అది రెండింతల కష్టం.

మోలీలకీ గప్పీలకీ ఉప్పు బాగా పడుతుంది. లీటరుకి 2 గ్రాముల లెక్కన, 60 లీటర్లకి 120 గ్రాముల కల్లుప్పు. మగ్గులో కరిగించి, 40 గ్రాముల చొప్పున మూడు విడతలుగా ఒక రోజులో పొయ్యండి. గులకరాళ్లుంటే రోజూ అడుగుని సైఫన్ చేసి పావు వంతు నీళ్లు తీసేయండి. 15 లీటర్లు తీస్తే, పోసే 15 లీటర్లలో 30 గ్రాముల ఉప్పు కలపాలి. ఆవిరై తగ్గిన నీళ్లకి బదులుగా మాత్రం వట్టి నీళ్లే పొయ్యండి, ఉప్పు ఆవిరవదు కదా. చివరి మచ్చ కనబడకుండా పోయిన రోజు నుంచి ఇంకో వారం కొనసాగించాలి, మొత్తం రెండు వారాలు పడుతుందనుకోండి. కోరిడోరాస్, లోచ్‌లు లాంటి అడుగున తిరిగే చేపలు, లేత మొక్కలు ఉన్న ట్యాంకులో ఇంత ఉప్పు వెయ్యకండి. మలకైట్ గ్రీన్ ఉన్న మందు వాడితే ఫిల్టర్‌లోని బొగ్గు తీసేయండి, లేదంటే మందునంతా అదే పీల్చేస్తుంది.

ఇక గప్పీలకి ఎలా వచ్చిందంటారా? తడి వల. తడి చెయ్యి. ఒకే సైఫన్ పైపు. మూత లేని రెండు ట్యాంకులు పక్కపక్కనే ఉంటే చేప ఎగిరినప్పుడు చిందే చుక్క కూడా చాలు. పని ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న ట్యాంకుతో మొదలుపెట్టి, జబ్బు ట్యాంకుని ఆఖరున ముట్టుకోండి.

ప్రశ్న: వలలు, పైపులు శుభ్రం చెయ్యడానికి వేడినీళ్లు చాలా?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: చాలవు. పది లీటర్ల బకెట్‌లో 10 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపితే లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ ఉంటుంది. పౌడర్ పాతబడి వాసన తగ్గితే బలమూ తగ్గినట్టే. అందులో గంటసేపు నానబెట్టి, బాగా కడిగి, 10 గ్రాముల హైపో (క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్) కలిపిన ఇంకో బకెట్‌లో పది నిమిషాలుంచి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఆరబెట్టడం తేలిగ్గా తీసుకోవద్దు, తెల్లమచ్చల పరాన్నజీవి పొడిలో బతకలేదు. బ్లీచింగ్‌లో యాసిడ్‌గానీ, టాయిలెట్ క్లీనర్‌గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. నైలాన్ వలలు దీనికి కొన్నాళ్లకు పెళుసెక్కుతాయి. ట్యాంకుకొక వల కొనుక్కోవడమే చౌక.

ప్రశ్న: కొత్త చేపల్ని వేరుగా ఉంచమంటారు. కానీ వేరే ట్యాంకు పెట్టిన ప్రతిసారీ ఫిల్టర్ కొత్తదై అమ్మోనియాతోనే చేపలు పోతున్నాయి.
– పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఆరోగ్యమైన ట్యాంకులో ఒక స్పాంజ్ ఫిల్టర్ ఎప్పుడూ అదనంగా నడవనివ్వండి. నాలుగు వారాలు దాటితే అది పండినట్టే. కొత్త చేపలొచ్చిన రోజు దాన్ని తీసి, తడి ఆరకుండా 40 లీటర్ల టబ్బులో పెట్టండి. అడుగున రాళ్లొద్దు. దాక్కోవడానికి నాలుగు పీవీసీ ఎల్బోలు వేస్తే చాలు, అవి కడగడం తేలిక. మేత తక్కువగా వేస్తూ మొదటి వారం రోజు విడిచి రోజు అమ్మోనియా చూడండి. ఆ స్పాంజ్ మళ్లీ వెనక్కి రాకూడదు. కొత్త చేపల్ని వేరుగా ఉంచే మూడు నాలుగు వారాల గడువు అయ్యాక ఆ స్పాంజ్‌ని బ్లీచింగ్ చేసి ఆరబెట్టి, కొత్తదానిలాగే ఆరోగ్యమైన ట్యాంకులో మళ్లీ పండించుకోవాలి. చాలామంది ఇళ్లల్లో జబ్బు పాకేది ఈ ఒక్క పొరపాటుతోనే.

కవర్‌లోని నీళ్లు ట్యాంకులో పొయ్యకండి. చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో పార్శిల్‌లో వచ్చిన కవర్‌లో గంటలకొద్దీ చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని దించేసి ఉంటుంది, అందుకే అందులో పేరుకున్న అమ్మోనియా విషంగా మారకుండా ఉంటుంది. కవర్ విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి కట్టి ఉన్న కవర్‌నే పావుగంట నీళ్లమీద తేలేసి, విప్పాక జాప్యం లేకుండా చేపని వలతో తీసి వదలండి. గంటలకొద్దీ బొట్టు బొట్టుగా నీళ్లు కలిపే పద్ధతి ఇలాంటి కవర్లకి పనికిరాదు.

ప్రశ్న: మూతి దగ్గర తెల్లటి దూదిలా వచ్చింది. బూజనుకుని హీటరు 31 డిగ్రీలకి పెంచాను. రెండు రోజుల్లో ఐదు చేపలు పోయాయి.
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: మూతి చుట్టూ, వీపు మీద జీను వేసినట్టు తెల్లగా వచ్చి ఇంత వేగంగా చంపేది ఎక్కువగా కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. తెల్లమచ్చలకి పనికొచ్చే వేడే దీనికి బలం. హీటరు ఆపి, నెమ్మదిగా 25, 26కి దించండి. మేత తగ్గించి, గాలి పెంచి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. దీనికి యాంటీబయాటిక్ అవసరమవుతుంది. దాన్ని చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుడు చెప్పాలి. మందులషాపు నుంచి తెచ్చిన క్యాప్సూల్ విప్పి అందాజాగా పోస్తే ఫిల్టర్ పాడవుతుంది, జబ్బూ మొండికేస్తుంది.

ప్రశ్న: ఆరు గంటలు కరెంటు లేదు. అంతసేపూ బాగానే ఉన్న చేపలు, కరెంటు వచ్చి క్యానిస్టర్ ఫిల్టర్ మొదలయ్యాక చచ్చిపోయాయి. ఎందుకు?
– పాఠకుడు, నల్లగొండ

జవాబు: క్యానిస్టర్ మూసిన డబ్బా. నీళ్లు ఆగితే అందులోని బ్యాక్టీరియా మిగిలిన ప్రాణవాయువుని త్వరగానే వాడేసి, తర్వాత తానే చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులో పడ్డాయి. రెండు గంటలు దాటి ఆగితే, ప్లగ్గు తీసి, డబ్బా విప్పి, లోపలి నీళ్లు పారబోసి, మీడియాని (లోపలి వడపోత సామాను) ట్యాంకు నీళ్లలో కడిగాకే నడపండి. చిన్న ఎయిర్ పంపు తినేది కొద్ది వాట్లే, ఇన్వర్టర్‌కి కలిపి ఒక స్పాంజ్ ఫిల్టర్ నడవనిస్తే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: గుంటూరులో కుళాయి నీళ్లు ఒక రోజు బకెట్‌లో ఉంచి పోసేవాళ్లం. ఇక్కడ అమెరికాలో అలాగే చేస్తే చేపలు నీటిపైకొచ్చి ఆయాసపడుతున్నాయి.
– పాఠకుడు, డాలస్

జవాబు: అమెరికాలో చాలా నగరాలు క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడతాయి, డాలస్ కూడా. అది బకెట్‌లో ఒక రోజుంచినా పోదు. హైపో వేస్తే క్లోరిన్ విరిగినా అమ్మోనియా మిగులుతుంది. అమ్మోనియాని కూడా కట్టిపడేసే కండిషనర్ అని సీసా మీద రాసి ఉందో లేదో చూసి కొనండి. మన దేశంలోని పాఠకులకి హైపో లెక్క: లీటరు నీళ్లలో 10 గ్రాముల హైపో కరిగించి పెట్టుకోండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ లీటరుకి ఒక మిల్లీగ్రాము ఉంటే 20 లీటర్ల బకెట్‌కి 14 మిల్లీలీటర్లు సరిపోతుంది, వాసన ఘాటుగా ఉంటే రెట్టింపు వెయ్యండి.

ప్రశ్న: సన్నగా ఎండిపోయి, వెన్ను వంకరై గప్పీలు ఒక్కొక్కటే పోతున్నాయి. నా వేలి మీద కూడా రెండు నెలలుగా మానని గడ్డ ఉంది. సంబంధం ఉందా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉండొచ్చు. చేపల క్షయకి కారణమయ్యే బ్యాక్టీరియాల్లో మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనేది మనిషి చర్మంలోని చిన్న గాటులోంచి కూడా దూరుతుంది. ఆలస్యం చేయకుండా చర్మ వైద్యుణ్ని కలవండి. ఇంట్లో చేపల ట్యాంకులున్నాయని మీరే ముందుగా చెప్పండి. ఈ సూక్ష్మజీవి 30 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, మామూలుగా 37 డిగ్రీల్లో చేసే కల్చర్ పరీక్షలో దొరక్కపోవచ్చు. మీరు చెప్తేనే ల్యాబ్‌కి ఆ సూచన వెళ్తుంది. ఆ ట్యాంకు నుంచి చేపగానీ, మొక్కగానీ, స్పాంజ్‌గానీ ఎవరికీ ఇవ్వొద్దు. పొడుగు రబ్బరు గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టొద్దు, సైఫన్ నోటితో పీల్చొద్దు. ఇది బ్లీచింగ్‌కి అంత తేలిగ్గా లొంగదు. స్పాంజ్, గులకరాళ్లు పారేసి, కడిగి ఆరబెట్టిన అద్దాన్ని 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. స్పిరిట్‌కి మంట అంటుకుంటుంది కనుక స్విచ్చులన్నీ ఆపేసి, కిటికీలు తెరిచి ఆ పని చెయ్యండి.