నాన్న తలలో ‘ఫెవిక్విక్’ పోస్తారట, నిజమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. రెండు నెలల కిందట బాత్రూంలో జారిపడ్డారు. తర్వాత తలనొప్పి, తూలడం మొదలయ్యాయి. స్కాన్‌లో మెదడు పైపొరల మధ్య రక్తం కనిపిస్తే పుర్రెకు రంధ్రం చేసి తీశారు. ఇప్పుడు మళ్లీ కొద్దిగా చేరిందట. ఈసారి రక్తనాళంలోకి జిగురు పంపి మూసేద్దామంటున్నారు. అది ఫెవిక్విక్ లాంటిదేనని ఎవరో అన్నారు. భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అన్నవాళ్లు మరీ తప్పేం చెప్పలేదమ్మా. మేం వాడే గ్లూ కూడా సయనోయాక్రిలేట్ జాతిదే, కాకపోతే వైద్యానికని తయారైన రకం. రక్తం తగిలిన క్షణాల్లో గట్టిపడుతుంది. అందుకే జిగురు పంపే సన్నటి గొట్టాన్ని ముందు ఉప్పునీటి సెలైన్‌తో కాక గ్లూకోజ్ ద్రావణమైన డెక్స్‌ట్రోజ్‌తో కడుగుతాం. సెలైన్ తగిలినా గొట్టంలోనే బిగుసుకుపోతుంది మరి. గసగసాల నూనెతో చేసిన లిపియోడాల్ కలిపితే కాస్త నెమ్మదిస్తుంది, ఎక్స్‌రేలోనూ కనబడుతుంది.

రెండో రకం ఓనిక్స్. నల్లటి ద్రవం. పాల మీద మీగడలా పైన ముందు గట్టిపడి, లోపల ఇంకా జారుతూ ఉంటుంది కాబట్టి డాక్టరుకు ఆగి చూసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇది వాడితే ఒకటి రెండు రోజులు మీ నాన్నగారి ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది. అందులోని డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వల్ల వచ్చేదే, కంగారు పడకండి.

తీసేసిన రక్తం మళ్లీ ఎందుకు చేరిందంటే, దాని చుట్టూ పెరిగిన పొరలో సన్నటి నాళాలు కారుతూ ఉంటాయి. వాటికి రక్తం ప్రధానంగా మెదడు పైపొరకు రక్తం అందించే మిడిల్ మెనింజియల్ ధమని నుంచి వస్తుంది. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో గొట్టం పెట్టి అక్కడిదాకా వెళ్లి ఆ సరఫరా ఆపుతాం. 2024లో వెలువడ్డ ఎంబొలైజ్ అధ్యయనంలో ఆపరేషన్‌తోపాటు ఓనిక్స్ కూడా వాడినవారిలో 90 రోజుల్లోపు మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు 4.1 శాతం, వాడనివారిలో 11.3 శాతం. మీ నాన్నగారిది ఇప్పటికే తిరగబెట్టిన కేసు కాబట్టి ఆ అంకెలు అచ్చంగా వర్తించవు, దారి మాత్రం అదే.

నన్నడిగితే జిగురు ఏ రకమన్నది చిన్న ప్రశ్న. ఆ ధమనికి కొందరిలో కంటికి వెళ్లే నాళంతో సంబంధం ఉంటుంది, ముఖ నరానికీ కొమ్మ వెళుతుంది. జిగురు అటు జారితే చూపు పోవచ్చు, మూతి వంకర పోవచ్చు. పక్షవాతం ముప్పు తక్కువే అయినా లేకపోలేదు. ‘యాంజియోగ్రామ్‌లో ఆ దారులు చూశారా, ఇలాంటివి ఎన్ని చేశారు?’ అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకోటి. ఇది వెంటనే ఒత్తిడి తగ్గించే చికిత్స కాదు. రక్తం కరగడానికి వారాలు, నెలలు పడుతుంది. చెయ్యి, కాలు బలహీనపడినా, మగతగా ఉన్నా, మాట తడబడినా జిగురు కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, అప్పుడు ఆపరేషనే కావాల్సి రావచ్చు. ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.