గోబర్ గ్యాస్ గుంతలోకి హైడ్రోజన్ వదిలితే గ్యాస్ పెరుగుద్దా?

ప్రశ్న: మాకు 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంట్ ఉంది, డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ కూడా పెట్టించాం. మధ్యాహ్నం పూట కరెంట్ మిగులుతోంది, బయటికి పంపితే వచ్చేది అంతంతమాత్రమే. ఆ కరెంట్‌తో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసి గుంతలోకి వదిలితే సూక్ష్మజీవులు దాన్ని మీథేన్ చేసేస్తాయని చదివాను. నిజమేనా? మేం చెయ్యొచ్చా? (ఒక రైతు, సూర్యాపేట జిల్లా)

జవాబు: నిజమేనండీ, కానీ మీ ఇంట్లో చేస్తే గిట్టదు, పైగా చక్కగా నడుస్తున్న గుంత పాడైనా పాడవుద్ది. కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

మీ పొయ్యికొచ్చే గ్యాస్‌లో మీథేన్ సుమారు 60 శాతం, మిగతాదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే, అది మండదు, ఊరికే పైపులో షికారు చేసి వచ్చి పోతుందంతే. దాన్ని కూడా మీథేన్‌గా మార్చే జీవుల్ని ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు, పేడతో పాటు ఆవు కడుపులోంచే వచ్చి గుంతలో కాపురం పెట్టేశాయి. ఆవు కడుపులో అయితే వీటిదే రాజ్యం, గుంతలో మాత్రం ఎక్కువ మీథేన్ ఎసిటిక్ ఆసిడ్ విరిగి వచ్చేది, ఈ హైడ్రోజన్ తినే బ్యాచ్‌ది మూడో వంతు వాటా అనుకోండి. అంటే పనివాళ్లు రెడీ, వాళ్లకి హైడ్రోజనే చాలట్లేదు.

ఇప్పుడు లెక్క. ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌కి నాలుగు పాళ్లు హైడ్రోజన్ కావాలి, అప్పుడు ఒక పాలు మీథేన్, కొన్ని నీళ్లు వస్తాయి. మీ ప్లాంట్ రోజూ 2 ఘనపు మీటర్లు ఇస్తే అందులో సీఓటూ 0.8 ఘనపు మీటర్లు, దానికి 3.2 ఘనపు మీటర్ల హైడ్రోజన్, బరువులో చూస్తే పావు కిలో పైచిలుకు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, కిలో హైడ్రోజన్‌కి పెద్ద ప్లాంట్లలోనే 50 నుంచి 55 యూనిట్లు కాలుద్ది, కాబట్టి మీకు రోజుకి 15 యూనిట్లు. మీ 3 కిలోవాట్లు మంచి ఎండలో ఇచ్చేదే రోజుకి 12, 13 యూనిట్లు! ఇంట్లో ఫ్యాన్ కూడా తిప్పకుండా మొత్తం దీనికే పోసినా చాలదు, ఇంతా చేస్తే అదనంగా వచ్చే మీథేన్ అర కిలో చిల్లర. అదే 15 యూనిట్లు ఇండక్షన్ స్టవ్‌కి పెడితే దాని మీద అంతకు దాదాపు మూడు రెట్ల వంట అవుద్ది. బోరు కరెంట్ ఫ్రీ కదా అంటారేమో, అది మోటార్‌కి ఇచ్చిందండీ బాబూ, ఆ ఐడియా వద్దు.

డబ్బు సంగతి వదిలేసినా అసలు తలనొప్పి ఇంకోటుంది. హైడ్రోజన్ నీళ్లలో దాదాపు కరగదు. లీటరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ గ్రాము పైనే కరిగితే హైడ్రోజన్ కరిగేది ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఆ జీవులేమో నీళ్లలో కరిగిందే తినగలవు. మీరు పైపు పెట్టి వదిలితే పెద్ద పెద్ద బుడగలుగా బుడుంగున పైకొచ్చి డోమ్‌లో చేరుద్ది. డోమ్‌కి చిన్న పగులున్నా ముందు జారిపోయేది అదే, పైగా గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది, మీథేన్‌కైతే ఆ రేంజ్ 5 నుంచి 15 మాత్రమే. ఇంకోటి, గుంతలో కొన్ని ఆసిడ్లు విరగాలంటే చుట్టూ హైడ్రోజన్ చాలా తక్కువ ఉండాలి, ఎక్కువైతే ఆ పని ఆగి ఆసిడ్ పేరుకుంటుంది. అటు సీఓటూ మొత్తం తినేస్తేనేమో పీహెచ్ పైకి ఎగబాకుద్ది, అంటే గుంత క్షారం వైపు పోతుంది. ఎటు పోయినా గుంతకి అజీర్తే.

ప్రశ్న: హైడ్రోజన్, సీఓటూల నుంచి మీథేన్ చేయడానికి నికెల్ క్యాటలిస్ట్ (రియాక్షన్ వేగం పెంచే పదార్థం) ఉందని మా కెమిస్ట్రీ సార్ చెప్పారు. మరి సూక్ష్మజీవుల గోల ఎందుకు? ఎవరైనా నిజంగా వాడుతున్నారా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: మీ సార్ చెప్పింది సబాటియర్ రియాక్షన్, పాల్ సబాటియర్‌కి 1912లో నోబెల్ వచ్చింది. దానికి మామూలుగా 300, 400 డిగ్రీల వేడి కావాలి, గ్యాస్ శుభ్రంగా ఉండాలి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం తగిలినా నికెల్ చచ్చి ఊరుకుంటుంది. మన సూక్ష్మజీవులకి ఆ సల్ఫర్ ఉల్టా ఆహారం కిందే లెక్క. వేడి కూడా 60, 65 డిగ్రీలు చాలు. ఇందులో నాకు నచ్చే విషయం ఏంటంటే, ఈ జీవులు మీథేన్ చేసే ఆఖరి ఎంజైమ్ నడిమధ్యలో ఉండేది కూడా నికెలే! ఫ్యాక్టరీ వాడు భట్టీ పెట్టి చేసేది ఇవి వేడి నీళ్లలో అదే లోహంతో కానిచ్చేస్తున్నాయి. వేగంలో మాత్రం క్యాటలిస్ట్‌దే పైచేయి, అందులో డౌట్ లేదు.

వాడుతున్నారు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ పక్కన అవెడోర్ మురుగునీటి ప్లాంట్‌లో ఎలక్ట్రోకియా అనే కంపెనీ 2016లో 1 మెగావాట్ యూనిట్ పెట్టింది, వాళ్ల జీవి మీథనోథెర్మోబాక్టర్, షికాగో యూనివర్సిటీ ల్యాబ్‌లో పెంచిన రకం. స్విట్జర్లాండ్‌లో డీటికాన్‌లో 2022లో ఇంకోటి మొదలైంది, చెత్త కాల్చిన కరెంట్‌తో హైడ్రోజన్, మురుగు గ్యాస్ నుంచి సీఓటూ, అన్నీ ఒకే కాంపౌండ్‌లో దొరికాయి వాళ్లకి. అక్కడ ఎందుకు అర్థముంది అంటే గాలి బాగా వీచిన రోజు కరెంట్ మిగులుద్ది, దాన్ని గ్యాస్ చేస్తే ఉన్న పైపులైన్లలోనే చలికాలం దాకా దాచుకోవచ్చు. వాళ్లకీ హైడ్రోజన్ కరగని తిప్పలు తప్పలేదు, అందుకే ట్యాంకులో ప్రెషర్ పెంచి, గట్టిగా చిలికి, బుడగల్ని నలిపి నలిపి పంపుతారు. మధ్యలో హైడ్రోజన్ శక్తిలో ఐదో వంతు వేడిగా పోతుంది, ఆ వేడిని ప్లాంట్‌లోనే వాడుకుంటారు.

ప్రశ్న: మీథేన్ చేసే ఈ జీవులు బ్యాక్టీరియానా? (పేరు రాయలేదు)

జవాబు: కాదు, ఆర్కియా. 1977 దాకా అందరూ బ్యాక్టీరియానే అనుకున్నారు, కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వాటి జన్యు పదార్థం చూసి ఇవి వేరే వంశం అని తేల్చారు. ఇంకో తమాషా, వీటిలో ఎఫ్420 అనే పదార్థం ఉంటుంది, మైక్రోస్కోప్ కింద సరైన రంగు కాంతి వేస్తే నీలం ఆకుపచ్చ కలిసిన మెరుపు మెరుస్తాయి. ల్యాబ్‌లో వాళ్లు శాంపిల్‌లో ఇవి ఉన్నాయా లేదా అని మొదట చూసేది అలాగే.

ప్రశ్న: ఉప్పునీళ్లలో బ్యాటరీ వైర్లు పెట్టి, వచ్చే బుడగల్ని పేడ సీసాలోకి పంపి సైన్స్ ఫెయిర్‌లో మీథేన్ చూపించొచ్చా? (9వ తరగతి, రాజమండ్రి)

జవాబు: వద్దు నాన్నా. ఉప్పునీళ్లు పెడితే ఒక వైరు దగ్గర క్లోరిన్ వస్తుంది, అది ముక్కుకి మంచిది కాదు. మంచినీళ్లలో సోడా వేసినా ఆ వైపు ఆక్సిజన్ వస్తుంది, ఈ జీవులకి ఆక్సిజన్ అంటే విషం, హైడ్రోజన్‌తో కలిసిందంటే పేలుద్ది కూడా. దానికన్నా 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో సగం సగం పేడ, నీళ్లు కలిపి పోసి, మూతకి ట్యూబు బిగించి బెలూన్ తగిలించు, ఎండ తగిలే చోట రెండు మూడు వారాలు ఉంచు. వెలిగించేటప్పుడు సార్ పక్కనుండాలి. మొదటి బెలూన్ మండలేదని ఏడవకు, అందులో ఎక్కువ సీఓటూనే ఉంటుంది, దాన్ని వదిలేసి రెండో బెలూన్ నిండే దాకా ఆగు.