మోటార్ గేర్ల మోతకు ఏ గ్రీజు?

ప్రశ్న: నా ఈ-సైకిల్ వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటార్ ఉంది, వారంటీ అయిపోయింది. ఈమధ్య ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గుర్రుమని మోత వస్తోంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే తగ్గుతుందని మా మెకానిక్ అంటున్నాడు. పోయించమంటారా? లేక గ్రీజు పెట్టాలా, పెడితే ఏది?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆయిల్ మాత్రం పోయించకండి. ఈ మోటార్లు ఆయిల్ నిలిచేలా చేసినవి కావు. ఇరుసు పక్క నుంచి కారి డిస్క్ మీద పడిందంటే బ్రేకు పట్టదు, మోత కంటే అది పెద్ద టెన్షన్.

అసలు మోత గేర్లదేనా? స్విచ్ ఆపి, చక్రం పైకి లేపి చేత్తో ముందుకు తిప్పి చూడండి, తర్వాత వెనక్కి. ముందుకు తిప్పినప్పుడు లోపలి వన్‌వే క్లచ్ గేర్లను వదిలేస్తుంది కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది, వెనక్కి తిప్పితే గేర్లూ మోటారూ కూడా కదలాలి, బరువుగా ఉంటుంది, గేర్ల చప్పుడు అప్పుడే తెలుస్తుంది. ముందుకు తిప్పినా గరగరమంటే బేరింగ్ పోయినట్టే, మార్పించండి. రెండు వైపులా ఒకేలా పట్టి పట్టి తిరిగితే మీది గేర్లే లేని డైరెక్ట్ డ్రైవ్ మోటార్, దానికి గ్రీజుతో పనిలేదు.

గేర్లదే అయితే విప్పించాల్సిందే. మధ్యలో చిన్న ఉక్కు గేరు, చుట్టూ సాధారణంగా మూడు నైలాన్ గేర్లు ఉంటాయి, నైలాన్ వాడేదే చప్పుడు తగ్గడానికి. వీటికి నా ఓటు పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్) అనే కృత్రిమ ఆయిల్‌తో చేసిన సింథటిక్ గ్రీజుకే. డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు ఎంత గట్టిగా ఉందో చెప్పే గ్రేడు) అని, ప్లాస్టిక్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి. అది దొరక్కపోతే మంచి లిథియం గ్రీజు పర్వాలేదు. చవక కాల్షియం గ్రీజు మోటార్ వేడికి నీరుకారుతుంది, 00 గ్రేడు ముందే జారుడుగా ఉంటుంది కాబట్టి పళ్ళ మీద నిలవదు. మరీ గట్టి గ్రీజు పెడితే మొదట్లో చప్పుడు బాగా తగ్గుతుంది గానీ, గేరు దాన్ని పక్కకు తోసేసి పొడిగానే తిరుగుతుంది, పైగా బ్యాటరీ తింటుంది. నల్లటి మాలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజు, గ్రాఫైట్ గ్రీజు వద్దు, మాలీ క్లచ్‌లోకి వెళ్తే అది జారొచ్చు, గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది.

పాత గ్రీజును గుడ్డతో పూర్తిగా తుడిచాకే కొత్తది పెట్టించండి, అదీ పళ్ళ సందుల్లో పల్చగా, అంతే. గుప్పెళ్ళతో కూరితే చక్రం తిరిగే వేగానికి ఎగిరి మోటార్ తీగచుట్ల (వైండింగ్) మీద పడుతుంది. క్లచ్ రోలర్ల దగ్గర ఇంకా తక్కువ.

తుడిచేటప్పుడే నైలాన్ పళ్ళు గమనించండి. కొసలు కత్తి అంచులా సన్నబడినా, ఒక్క పన్ను విరిగినా మూడు గేర్లూ సెట్టుగా మార్పించండి, ఎందుకంటే అరిగిన పళ్ళ మీద ఎంత మంచి గ్రీజు వేసినా ఆ మోత మళ్ళీ వస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మిగతా పళ్ళూ ఊడిపోవచ్చు.