నీట్ ఆగుతుంది, వైద్యం ఆగదు

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండ హాస్టల్లో ఉండి బైపీసీ పూర్తి చేశాడు. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఆరు నెలలుగా దిగులుగా ఉంటున్నాడు, బీరు తాగుతున్నాడు. పదమూడో ఏట దసరా దావత్‌లో వాళ్ల చిన్నాయన కల్లు పోస్తే అందరం నవ్వాం. ఇప్పుడు ఆ చిన్నాయనతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్చి కట్టడిలో పెట్టమంటారా? (పరకాల నుంచి ఒక తండ్రి)

జవాబు: మీరు కోచింగ్ గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది దసరా నాటి ఆ కల్లు. పండుగనాడు పిల్లవాడి చేతికి గ్లాసు ఇవ్వడాన్ని మన వైపు ఎవరూ తప్పుగా చూడరు కనుక మిమ్మల్ని నిందించను. అయితే చిన్న వయసులోనే తాగడం మొదలుపెట్టిన పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని, డిప్రెషన్ తోడైతే ఆ ప్రమాదం మరింత పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మద్యం దిగులును కాసేపు మరిపించి, మత్తు దిగాక రెట్టింపు చేస్తుంది; ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగం పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది గనుక, ఈ వయసులో ఉన్న ఆ కాస్త నిగ్రహాన్ని కూడా మత్తు సడలిస్తుంది. తాగుడు వల్లే చదువు చెడిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. దిగులే ముందు వచ్చి, దాన్ని తట్టుకోలేక తాగుతూ ఉండే అవకాశమూ అంతే ఉంది.

కాబట్టి ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. డిప్రెషన్ మందులు వాడుతూ తాగితే వికటించవచ్చు కనుక పరువు కోసం తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచకండి. చనిపోవాలనిపిస్తోందా అని అబ్బాయిని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పత్తి చేనుకు తెచ్చిన పురుగుల మందు ఇంట్లో ఉంటే ఈ రోజే అక్కడి నుంచి తీసేయించండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ పనిచేస్తుంది.

ఇక లాంగ్‌టర్మ్: ఇప్పుడు వద్దు. మళ్లీ హాస్టల్, మళ్లీ వారం వారం ర్యాంకుల పట్టిక అంటే పుండు మీద కారం చల్లడమే. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు; ఏడాది ఆగినంత మాత్రాన దారి మూసుకుపోదు. కుదుటపడి తనకు ఇష్టమైతే, ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీలో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారా బీఎస్సీలో చేరవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చిన్నాయనను కూడా వెంట రమ్మనండి. అబ్బాయి నోరు విప్పేది ఆయన దగ్గరే.